చీమూ నెత్తురూ ఉన్న ఉద్యోగం

మొన్న వంజరం చేప ముక్కలు కోయబోయి వేలు కోసుకున్నాను. నిన్న కట్టు మార్పించుకుందామని ఉక్కునగరం ఆసుపత్రికి వెళితే, నర్సమ్మ పాత కట్టు విప్పి పసుపు బకెట్టులో పడేసింది. నా చూపు ఆ బకెట్టు దగ్గరే ఆగిపోయింది.

డెబ్భైలలో కట్టు పారేయడమన్నది ఎక్కడిది? మా నాన్న, పట్నంలో పాత ఊరి వైపున్న ఒక ఆసుపత్రిలో ఆ కట్లే నానబెట్టి, ఉతికి, ఉడకబెట్టి, ఆరేసి, చుట్టలు చుట్టేవారు. కాలేజీలో నేను మాత్రం ఆయనది కట్టుదిట్టమైన ఉద్యోగమని కట్టుకథ చెప్పి, అక్కడితో నోరు కట్టేసుకునేదాన్ని.

ఒకరోజు మా జువాలజీ మాస్టారు, వందేళ్ళ కిందట స్విట్జర్లాండు కుర్ర డాక్టరొకాయన ఆసుపత్రి నుంచి చీము కట్లు తెప్పించుకుని, ఉప్పునీళ్ళతో కడిగి, ఆ చీము కణాల్లోంచి ఎవరూ ఎరగని పదార్థాన్ని తీశాడనీ, మనం డీఎన్ఏ అంటున్నది అదేననీ చెప్పారు. క్లాసంతా ముక్కు మూసుకుంది. నేను తల దించుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే నాన్న ఆసుపత్రి నుంచి తెచ్చి చుడుతున్న కట్టును మధ్యలో ఆపేశారు.

"ఏ ఉప్పునీళ్ళల్లో నానెట్టాడమ్మా? మామూలు ఉప్పైతే సీము మొత్తం జిగురైపోద్ది కదేటి! మాస్టారిని అడిగి రా."

అడగడమంటే ఎవరు అడగమన్నారో చెప్పడమే. మూడు రోజులు నాన్చుతూనే ఉన్నాను. సాయంత్రం గుమ్మంలోనే "అడిగేవా?" అనేవారు, పరీక్ష ఫలితాలకు ఎదురుచూసేవాడిలా. చీమూ నెత్తురూ ఉన్నదాన్నైతే లేవాలి కదా అని నాలుగో రోజు క్లాసులో లేచి అడిగాను.

"ఈ ప్రశ్న నీకెలా వచ్చిందమ్మా?" అన్నారు మాస్టారు.

"మా నాన్న అడగమన్నారు సార్. ఆసుపత్రిలో కట్లు ఉతుకుతారు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు మాత్రం తనకు తెలియదని ఒప్పుకుని, వారం పాటు లైబ్రరీలో వెతికి, క్లాసులోనే చెప్పారు: మామూలు ఉప్పుతో నిజంగానే జిగురైపోయిందట, సోడియం సల్ఫేటుతో పని జరిగిందట. "మీ నాన్నగారికి చెప్పు" అన్నారు. 'గారు' అన్నారు!

"సూసేవా, నాను సెప్పలే!" అని నాన్న ఆ వేళంతా, ఆ డాక్టరు తన పక్క తొట్టి దగ్గర పనిచేసే మనిషే అన్నట్టు మాట్లాడారు.

కట్లు ఉతికే చేతులు ఇప్పుడు లేవు, మంచిదే. ఏ ఉప్పని అడిగే గొంతూ లేదు. బుగ్గ లోపల దూది పుల్లతో తుడిస్తే చాలు, ఎవరి బిడ్డో డీఎన్ఏ చెప్పేస్తుందట. నేనెవరి బిడ్డనో చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.