ఉయ్యాలలో పెట్రోలు ట్యాంకు

మొన్నొక ఆదివారం పొద్దున, కలకత్తా సాల్ట్ లేక్‌లో మా ఇంటి కింద ఎవరో కుర్రాడు పాత మోటారుసైకిలు స్టార్టు చేశాడు. రెండో అంతస్తు వంటింట్లో ఉప్మాకి పోపు పెడుతున్నాను. పెట్రోలూ ఇంజనాయిలూ కలిసి కాలినప్పుడు వచ్చే నీలిపొగ వాసన, కొంచెం తియ్యగా కొంచెం ఘాటుగా, ముక్కుకన్నా ముందు గొంతుకి తగిలే ఆ వాసన కిటికీలోంచి వచ్చేసరికి, ఆవాలు చిటపటలాడుతుండగానే పొయ్యి ఆపి కిందికి పరిగెత్తాను. నేను దిగేసరికి కుర్రాడు మలుపు తిరిగి పోయాడు. వాసన మాత్రం మెట్ల దగ్గర ఇంకా తచ్చాడుతోంది. అక్కడే కూర్చుండిపోయి, మళ్లీ పదమూడేళ్లదాన్నయిపోయాను.

అప్పట్లో మేం ఖిదిర్‌పూర్‌లో ఓడల డాకు కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. మూడంతస్తుల పొడుగాటి కట్టడం, అంతస్తు మొత్తానికీ ఒకటే వరండా, ముందు అందరిదీ అయిన వాకిలి. సగంమంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మావాళ్లు, మిగతావాళ్లు బెంగాలీలు, బీహారీలు. మా ఎండుచేపల వేపుడూ, వాళ్ల ఆవనూనె పోపూ, కాల్చిన వంకాయా ఒకే వరండాలో ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరిగేవి. గోడలనిండా కొడవలి సుత్తి బొమ్మలు, సాయంత్రాలు కరెంటు పోగానే మూడంతస్తుల్లోంచీ ఒక్కసారే లేచే కేక, దాని వెనకే డాకులోంచి ఓడ కూత. భాద్రమాసం వచ్చిందంటే ఒళ్లంతా జిడ్డు, మధ్యమధ్య జల్లు, ఆకాశంలో గాలిపటాలు. విశ్వకర్మ పూజ దగ్గరపడుతుంటే కుర్రాళ్లు గాజుపొడిని గంజిలో రంగుతో కలిపి, దీపస్తంభాల మధ్య చుట్టిన దారానికి పట్టిస్తూ వేళ్లు కోసుకునేవారు. పూజనాడు డాకులో క్రేను కదలదు, పనిముట్టు ఎవరూ ముట్టుకోరు. మా వాకిట్లో కుట్టుమిషన్లూ సైకిళ్లూ కాటాలూ కడిగి, బొట్లు పెట్టి, వరసగా నిలబెట్టి, ఆ రోజుకి వాటికి సెలవిచ్చేవారు.

ఆ వరసలో మాదంటూ ఏదీ ఉండేది కాదు. నాన్న డాకులో క్రేను కొక్కేనికి మూటలు తగిలించేవాడు. పొద్దస్తమానం తలెత్తి గాల్లో ఊగే బరువులు చూడ్డమే తప్ప, చక్రాలున్న వస్తువు, సైకిలైనా, ఆయనకి లేదు. ఆ ఏడు వానాకాలంలో డాకు ఆఫీసు గుమాస్తా బాబు ఒకాయన రిటైరై ఊరికి వెళ్తుంటే, ఆయన సామానంతా షాలిమార్ యార్డు దాకా మోసి నాన్న రైలెక్కించాడు. కూలికి బదులుగా ఆయన తన మెట్ల కింద ఏళ్లతరబడి పడి ఉన్న మోటారుసైకిల్ని కాగితాలతో సహా ఇచ్చేశాడు. తోపుడుబండి మీద అది మా వాకిట్లోకి వచ్చింది, జోరువానలో, గాలి పోయిన టైర్లతో, సీటులోంచి వేలాడే పీచుతో, హెడ్‌లైటు గిన్నెలో పిచ్చుకగూటితో. నాన్న దాన్ని కొత్త పెళ్లికూతుర్ని దించినట్టు దించాడు.

పూజకి పెద్ద, అందరూ అన్న అని పిలిచే నిమాయ్ దా గొడుగు కింద నుంచే చూసి, "ఎటా గాడి నొయ్, లోహా!" అన్నాడు. బండి కాదు, ఇనుము అని. అది నిలబడ్డ చోటే పూజ పందిరి వేయాలి. చివరికి ఆయనే ఒక పందెం పెట్టాడు: పూజ ముందురోజు సాయంత్రానికి బండి తన కాళ్ల మీద తాను గేటు దాటి వెళ్లి తిరిగి రావాలి. వస్తే వరసలో మొదటి చోటు దానిదే. రాకపోతే పాత ఇనుము వాడికి ఇచ్చేయాలి. నాన్న ఛాతీ విరుచుకుని "అలగే దాదా" అనేశాడు. ఇంజను గురించి ఆయనకి తెలిసింది సున్నా.

నాకూ సున్నాయే, కానీ నాకు లైబ్రరీ ఉంది. ఇంట్లో ఎవరూ నేర్పకపోయినా క్యాలెండరు చూసి తెలుగు అక్షరాలు పట్టుకుని, మావాళ్ల గుళ్లో ఉన్న బీరువెడు పుస్తకాలు నమిలి మింగినదాన్ని. చదువు బెంగాలీ బడిలోనే కాబట్టి, వీధి చివర బెంగాలీ లైబ్రరీలో ఏ అలమారా ముందు నిలబడ్డా భయం లేదు నాకు. అక్కడ దొరికింది, అట్ట ఊడిన మోటారు మరమ్మతు పుస్తకం. ఇంజనుకి కావలసినవి మూడే, గాలి, పెట్రోలు, నిప్పు, అన్న వాక్యం చదివినప్పుడు లోకరహస్యం చేతికి చిక్కినట్టు ఒళ్లు ఝల్లుమంది. నేను బెంగాలీలో చదివి తెలుగులో చెప్పేదాన్ని, నాన్న పానా తిప్పేవాడు. కార్బురేటరు విప్పి అమ్మ అన్నం పళ్లెంలో పరిచాం. టైర్లకి గాలి కొట్టించి, సిలిండరులో నూనె పోసి నానబెట్టాం. ఒక సాయంత్రం, బిగుసుకుపోయిన ఇంజను నాన్న కాలి కింద తొలిసారి 'గుర్‌క్' మని తిరిగినప్పుడు ఇద్దరం పసిపిల్లాడి మొదటి మాట విన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

చిక్కల్లా ట్యాంకుతో వచ్చింది. లోపలంతా తుప్పు, ఊపితే గిలక్కాయలా మోగేది. తుప్పుకి పలచని ఆమ్లం పోయాలని పుస్తకంలో ఉంది. ఆమ్లమంటే పులుపే కదా, అని నా కళ్లు అమ్మ చింతపండు కుండ మీద పడ్డాయి. ఊరినుంచి ఏడాదికోసారి, గింజ తీసి ఉప్పు కలిపి మా అమ్మమ్మ పంపే కుండ అది. కలకత్తా చింతపండు పులుపే కాదని అమ్మ ఖాయం చేసేసింది.

"పుస్తకంలో ఉందే అమ్మా!"

"పుస్తకంలో నా కుండ పేరుందేటే? సారుకే సాలని పులుసు నీ డబ్బాకేటి?"

"ఇత్తడి బిందెలకి రాస్తావు కదా? ఇదీ అలాంటిదే."

బిందెల మాట అమ్మని ఆపింది. అడుగున నల్లబడ్డ పాత చింతపండు ముద్ద తీసి, నీళ్లలో పిసికి, తనే ట్యాంకులో పోసింది. కాసిని పాత నట్లూ వేశాం. గంటలతరబడి ఊపాలి. ఎవరి చేతులూ చాలవు. అమ్మ పాతచీర తెచ్చి, వరండా దూలానికి ఉయ్యాల కట్టి, ట్యాంకుని అందులో పడుకోబెట్టింది. వచ్చేపోయేవాళ్లందరూ ఒక్కో ఊపు ఊపి పోయేవారు. పక్కింటి గౌరమ్మత్త చేటలో బియ్యం ఏరుతూ, "ఏటొదినా, నీల్లోసుకున్నావని ఒక్క మాటైనా సెప్పనేదు! పిల్లా, పిల్లోడా?" అని అడిగింది. "ఇనప్పిల్లోడు" అంది అమ్మ, ఊపు ఆపకుండానే. ఆ గలగల చప్పుడికి నేను పగలే నిద్రపోయాను. నల్లటి నీళ్లు పారబోస్తే లోపల ట్యాంకు వెండిగిన్నెలా ఉంది. ఎండబెట్టాం.

పూజ ముందురోజు సాయంత్రం. రేపు పొయ్యి వెలిగించరు కాబట్టి బెంగాలీల ఇళ్లన్నిట్లో ఇవాళే వండుతున్నారు. ఇలిశ చేప, అదే మన పులస, దాని వాసన మూడంతస్తులూ కమ్మేసింది. గేటు దగ్గర పాత ఇనుము వాడి బండి అప్పుడే వచ్చి నిలబడింది. పందిరి వెదుళ్లు గోడకి చేరాయి. నాన్న ఉతికిన చొక్కా తొడుక్కుని కిక్కు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నాలుగు 'డబడబ'లు, ఒక దగ్గు, ఆపై నిశ్శబ్దం. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నిమాయ్ దా చేతిగడియారం చూడలేదు, ఆకాశం చూశాడు. అది చూసి ఇంకా భయమేసింది.

గాలి, పెట్రోలు, నిప్పు. ప్లగ్గు విప్పి చూశాం, నిప్పురవ్వ నీలంగా చిటికేస్తోంది. గాలి సంగతి సరే. పెట్రోలు గొట్టం లాగాను. ఒక చుక్క, ఇంకో చుక్క, అంతే. ట్యాంకు కింద కుళాయి విప్పితే దాని జల్లెడకి చుట్టుకుని, గోధుమరంగులో, తల వెంట్రుకల్లా ఏదో పీచు. అమ్మ దాన్ని గోటితో లాగి, వీధిదీపం వెలుగులో పట్టి చూసి, పడీ పడీ నవ్వింది.

"సింతపండు పీసే! గుంటా, సారుకైతే వడగడతాం కదే, దీనికి మరిసిపోనామే!"

పైట కొంగు నాలుగు మడతలు పెట్టి ఆ పెట్రోలంతా వడగట్టింది. కుళాయి బిగించాం. నాన్న దేవుడికి దణ్ణం పెట్టలేదు, బండికే పెట్టి, కిక్కు కొట్టాడు.

అంటుకుంది! ఎంత చప్పుడు, ఎంత పొగ! నీలిపొగ వాకిలంతా కమ్మి, మెట్లెక్కి, వరండాలెక్కింది. పొయ్యి మీద కూరలు వదిలి, చేతుల్లో గరిటెలతో, ఒళ్లో పిల్లలతో, మూడు వరండాల్లోకీ జనం ఎగబడ్డారు. నాన్న ఎక్కాడు. అప్పుడు నా చెవిలో అన్నాడు: "నాకు నడపడం రాదే గుంటా. నువ్వెక్కి సెప్పు." పుస్తకం చంకలో పెట్టుకుని వెనకాల ఎక్కాను. ఎడమచేత్తో క్లచ్చి పట్టు నానా, కాలితో మొదటి గేరు, మెల్లిగా, మెల్లిగా ఒగ్గీ! బండి కప్పలా ఒక్క గెంతు గెంతి గేటు దాటింది. ఇనుము వాడు తన బండిని పక్కకి లాక్కున్నాడు. రెండో గేరు. మూడో గేరు. ట్రాముల రోడ్డు మీద గాలి నా జడలు విప్పేస్తోంది, లోకంలో మాకన్నా వేగంగా వెళ్తున్నవాళ్లు లేరు.

"ఇప్పుడేటి సెయ్యాలి?" అని అరిచాడు నాన్న.

"ఆపాలి!"

"ఆపడం ఎలగే?"

"ఆ పేజీ ఇంకా చదవలేదు నానా!"

నాన్న భుజాలు ఎగిరెగిరి పడటం మొదలైంది. భయమనుకున్నాను, నవ్వు! నవ్వుతూ చేతులు వదులు చేశాడేమో, బండి నెమ్మదించి, గునిసి, సరిగ్గా ట్రాము పట్టాల మీద ఆగిపోయింది. వెనకాల ట్రాము గంట గణగణ, కండక్టరు తిట్లు. దిగి, తోసి, ముందుచక్రం ఇంటివైపు తిప్పాం. తోసుకుంటూ వెళ్తే ఓడినట్టే. ఇప్పుడు అంటుకోకపోతే ఇంతటి సంబరమూ ఇనుము వాడిదే. నాన్న నా వైపు చూశాడు. నేను పుస్తకం తెరవలేదు. ఒకే ఒక్క కిక్కు.

మేం గేట్లోకి వచ్చేసరికి వరండాలు ఇంకా నిండుగానే ఉన్నాయి. "మన బండి వచ్చేసింది!" అని ముందు అరిచింది గౌరమ్మత్త. తర్వాత బెంగాలీలో, హిందీలో అందరూ అదే. నిమాయ్ దా తన భుజం మీది తువ్వాలుతో సీటు తుడిచి, వరసలో మొదటి చోటు చూపించాడు.

నాన్న చాలా ఏళ్లు ఆ బండి మీదే డాకుకి వెళ్లాడు. తర్వాత బండీ పోయింది, నాన్నా పోయాడు. ఆ క్వార్టర్లు లేవు, ఆ రోడ్డు మీద ట్రాములు లేవు. నా స్కూటరు బ్యాటరీతో నడుస్తుంది, మీట నొక్కితే చాలు, చప్పుడే ఉండదు. కొన్న రోజున దాన్ని మా గేట్లోంచి లోపలికి తెచ్చి, కిందనే కాసేపు నిలబడి పైకి చూశాను. నాలుగంతస్తులు, అన్నిటికీ బాల్కనీలు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.