ఆఫీసు గదిలో మేక అరిచింది

బడి వరండాలో నిలబడి పిల్లల మార్కుల కార్డుల మీద సంతకాలు పెడుతున్నాను. అమ్మాయిది అయిపోయింది. చిన్నవాడి కార్డు మీద నా పేరు సగం రాశాను. అప్పుడు పక్కనున్న ఆఫీసు గదిలోంచి మేక అరిచింది.

నల్గొండలో నిజం మేక అరిస్తే ఎవరూ తల తిప్పరు. ఇది కంప్యూటరు డబ్బా లోపలి చిన్న స్పీకరు అరుపు. సన్నగా లేచి, మధ్యలో రెండుసార్లు వణికి, చివర్న తెగిపోతుంది. ఆ వణుకు కుదరడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు మా చిన్నవాడు విని, స్కూటరు హారన్ లాగుందన్నాడు.

నా పెన్ను ఆగిపోయింది. ఆ అరుపున్న ఆట నేను రాసిందే, కానీ ఈ బడికి అమ్మలేదు. అంటే లోపల ఉన్నది నకలు. నకలైతే, అందులో నేను పెట్టింది కూడా ఉంటుంది.

ఏం పెట్టానో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మా బాపు గొర్రెల కాపరి. ఆత్మకూరు అవతల మా ఊరి గుట్ట మీద బండలకు పులి మేక గీతలు చెక్కి ఉంటాయి. ఎండ వేళ మంద నీడ పట్టగానే కాపరులు ఆ గీతల మీద గులకరాళ్ళు పెట్టి ఆడతారు. పులులు మూడు, మేకలు పదిహేను. పులి మేక మీదుగా దూకి మింగాలి, మేకలన్నీ కలిసి పులిని కదలకుండా బిగించాలి. నేను మహబూబ్‌నగర్‌లో బీయెస్సీ చదివాను. పెళ్ళై నల్గొండ వచ్చి, ఇద్దరు పిల్లలు పుట్టాక కంప్యూటరు నేర్చుకున్నాను. హైదరాబాదులో ఎవరో వదిలించుకున్న పాత కంప్యూటరును మా ఆయన బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు. దాని మీద ఏడాది పాటు, పిల్లలు నిద్రపోయాక ఆ ఆట రాశాను. ఫ్లాపీల మీద ఎక్కించి, నేను కంప్యూటరు నేర్చుకున్న సెంటరులోనే అమ్మకానికి పెట్టాను.

కొన్ని నెలలు బాగానే పోయాయి. తర్వాత అడిగేవాళ్ళు తగ్గారు, ఆడేవాళ్ళు మాత్రం పెరిగారు. బస్టాండు దగ్గర ఒక జిరాక్సు షాపులో ఖాళీ ఫ్లాపీ తీసుకుపోతే చాలు, నా ఆట ఎక్కించి ఇస్తున్నారని తెలిసింది. వెళ్ళాను. మొదటి తెర మీద ఉండాల్సిన నా పేరు లేదు.

"అన్నా, గిది నేను రాసిన ఆట," అన్నాను.

షాపాయన సంతోషపడ్డాడు. "నువ్వేనా అక్కా? మస్తుంది. మా పోరగాండ్లు అన్నం గూడ మర్చిపోయిన్రు."

"నా పేరు తీసేసిన్రు."

"పేరెందుకక్కా గిండ్ల? గీ ఆట మా తాత గూడ ఆడిండు. ఆయన ఎవలకు కిరాయి గట్టిండు?"

అక్కణ్ణుంచి వచ్చేశాను. ఇంటికి చేరేదాకా దారి పొడుగునా ఆయనకు జవాబులు దొరుకుతూనే ఉన్నాయి. బండ మీద గీత అందరిదీ, ఒప్పుకుంటాను. కానీ ఎదుట మనిషి లేకపోయినా ఈ పులి తనంతట తాను ఎత్తు వేస్తుంది. దానికి ఆ బుద్ధి నేర్పింది తాతలు కాదు, నేను. ఇదంతా మా ఆయనతో చెబితే, ఆయన టీ తాగుతూ మా కంప్యూటరు వైపు గడ్డంతో చూపించాడు.

"నీ డబ్బల ఉన్నయన్నీ గూడ అడుక్కొచ్చినయే గద. గండ్ల కొన్నది ఒక్కటన్న ఉందా?"

లేదు. నేను ఆట రాసిన సాఫ్టువేరు కూడా సెంటరులో నకలు తీసుకున్నదే. ఆ మాట నిజం కాబట్టే ఎక్కువ మండింది. ఆ వారంలోనే ఆట మళ్ళీ రాశాను. అమ్మే ప్రతి ఫ్లాపీ లోపలి పళ్ళెం మీద ఒకే చోట గుండుసూదితో గీత గీస్తాను. ఆట మొదలయ్యేటప్పుడు ఆ గీత కోసం వెతుకుతుంది. నకలు మీద గీత రాదు. గీత లేకపోతే ఆట ఏమీ అనదు, మామూలుగానే ఆడనిస్తుంది. లోపల మాత్రం లెక్క పెట్టుకుంటుంది. ఇరవయ్యో ఆట ముగియగానే ఆ కంప్యూటరులో ఉన్నదంతా చెరిపేస్తుంది.

దొంగకు బుద్ధి రావాలి అనుకున్నాను. ఆ దొంగకు షాపాయన ముఖం తప్ప నా మనసులో ఇంకో ముఖం లేదు.

ఆఫీసు గదిలోకి వెళ్ళేసరికి బడి గుమాస్తా టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకొని ఆడుతున్నాడు.

"జర ఆగక్కా, పులి ఇరికింది."

"గిది ఎక్కడిది సారూ?"

"మీ పిల్లనే తెచ్చిచ్చింది. ఆట మంచిగుంటదట గదా బిడ్డా అని ఖాళీ ఫ్లాపీ ఇస్తే, తెల్లారి ఎక్కించి తెచ్చింది. హుషారు పిల్ల."

నేను నకలు తీస్తుంటే అమ్మాయి పక్కన కూర్చొని చూసేది. ఎలా తీయాలో నేనే నేర్పాను.

"ఎన్ని ఆటలు ఆడిన్రు?"

"ఎవలు లెక్కవెట్టిన్రు? సోమారం సంది దినాం నాలుగైదు."

అది శుక్రవారం. టేబుల్ మీద పదో తరగతి పిల్లల పరీక్ష ఫారాలు కట్టలు కట్టి ఉన్నాయి. ఆ వివరాలన్నీ టైపు చేయడానికి నెల పట్టిందని, అన్నీ ఈ డబ్బాలోనే ఉన్నాయని ఆయనే చెప్పాడు. ఇంకో చోట దాచారా అని అడిగాను.

"యాడ దాస్తం? ఉన్న ఒక్క ఖాళీ ఫ్లాపీల గీ ఆటనే ఎక్కించుకున్నం గదా."

తెర మీద పులికి ఇంకొక్క దారి మాత్రమే మిగిలింది. ఆయన మేకను జరపబోయాడు. నేను వంగి స్విచ్చి ఆర్పేసి, ఫ్లాపీ లాగేశాను.

"గిండ్ల వైరస్ ఉంది," అన్నాను.

అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట. ఆయన ముఖం పాలిపోయింది. "అరే, మీ పిల్లనే ఇచ్చింది గదక్కా," అన్నాడు. నేను ఫ్లాపీ పట్టుకొని బయటికి నడిచాను. మార్కుల కార్డుల సంగతే మరిచిపోయి ఇంటికి వచ్చి, ఫ్లాపీ పెట్టి లెక్క చూశాను. పంతొమ్మిది. నేను ఆర్పేసిన ఆట ఇరవయ్యోది.

సాయంత్రం అమ్మాయి సంచీ గడపలోనే పడేసింది. గుమాస్తా టీచరుకు చెప్పాడట. టీచరు క్లాసు ముందర నిలబెట్టిందట.

"అందరు నన్ను వైరస్ అంటున్నరు. నా పక్కకు గూసుంటలేరు. అంటుకుంటదంట."

మా బాపు కంటి దవాఖాన కోసం ఆ వారం మా ఇంట్లోనే ఉన్నాడు. ఒక కంటికి పచ్చబట్ట కట్టుకొని మంచం మీద కూర్చున్నాడు. మనవరాలిని దగ్గరికి తీసుకొని, నన్ను అడిగాడు.

"అసలు గండ్ల ఏముంది బిడ్డా?"

చెప్పాను. కంప్యూటరు మాటలు తీసేసి, ఆయనకు తెలిసేలా చెప్పాను. నాది నేను కాపాడుకోవద్దా అని కూడా అన్నాను. గొంతు పెరిగింది. ఆయన కంటి మీది పచ్చబట్ట సర్దుకున్నాడు.

"చేన్ల గొర్రె వడ్డదని మన దిక్కు ఒకడు జొన్న పిండిల మందు కలిపి గట్టు మీద వెట్టిండు, యాదికుందా? నువ్వు చిన్నగున్నవు. ఏడు గొర్లు వొయినయి. గొర్రె వడ్డది తప్పే. వానికి పంట నష్టమైంది నిజమే. అయినా గా ఇంట్ల మన కులపోళ్ళు ఇయ్యాల్టికి నీళ్ళు తాగరు."

నేను తల దించుకున్నాను. ఆ ఇల్లు నాకు తెలుసు. చిన్నప్పుడు ఎంత దాహమైనా ఆ వాకిలి దాటి పోయేవాళ్ళం.

"మరి నన్నేం జెయ్యమంటవు?"

"మంద అన్నంక తప్పిపోతనే ఉంటయి. మనం చెవికి కోత ఎందుకు వెడ్తం? ఎవలి మందల గలిసినా ఎవలిదో తెల్వాలె. గదే. కోత వెట్టు, మందు వెట్టకు. ఎవడన్న కోత చెరిపితే పదిమందిల వాణ్ణి నిలదియ్యి."

అంత తేలిక కాదని ఇప్పటికీ అనుకుంటాను. గొర్రె తప్పిపోతే ఒక్కటే పోతుంది, నా ఆట ఒక్కటి పోతే వంద అవుతుంది. బాపు చెప్పిన దారిన పోతే ఇంట్లోకి ఏమైనా వస్తుందో రాదో తెలియదు. అయినా ఆ రాత్రి మందు తీసేశాను. నా పేరు మొదటి తెర మీద పెట్టకుండా, పులికి బుద్ధి నేర్పిన లెక్కల మధ్యలో కలిపేశాను. పేరు తీస్తే పులికి ఎత్తు తోచదు, కదలకుండా కూర్చుంటుంది. అంతే, ఇంకెవరికీ ఏమీ కాదు. చివరి తెర మీద మా చిరునామా రాశాను. ఈ ఆట మీకు ఎవరి చేతి నుంచి వచ్చినా ఒక కార్డు ముక్క రాయండి, నాలుగు పులుల ఆట పంపుతాను అని. ఇది రాస్తున్న ఈ రాత్రికి మూడు కార్డులు వచ్చాయి. ఒకటి చౌటుప్పల్ నుంచి, పులి మరీ మొద్దుగా ఉందని తిడుతూ. మొద్దుగా ఎందుకు ఉందో మళ్ళీ చూడాలి. నిద్ర రావడం లేదు. పాత ఫ్లాపీలు ఇంకా ఎవరెవరి ఇళ్ళలో ఉన్నాయో. పాతవి తిరిగి ఇమ్మని సెంటరు గోడకు కాగితం అంటించాను, షాపాయనకు కూడా చెప్పి వచ్చాను. అన్నీ మాత్రం తిరిగి రాలేదు.

మందు తీసేసిన మర్నాడు పొద్దున అమ్మాయి బడికి పోనని గోడ వైపు తిరిగి పడుకుంది. చిన్నవాడు తనూ పోనన్నాడు. ఇద్దరినీ లేపి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"ఫ్లాపీల వైరస్ లేదు. నేను మందు వెట్టిన. షాపాయనకు జవాబు చెప్పలేక కోపంతోని వెట్టిన. సారుకు అబద్ధం చెప్పిన, గది నీ మీద వడ్డది. నన్ను అడగకుండ నకలు ఇచ్చినవు సూడు, గది గూడ తప్పే, కాని దానికి నిన్ను ఎవలు వైరస్ అనొద్దు. ఇయ్యాల మీతోని నేను గూడ వస్తున్న. సారుకు, టీచరుకు, మీ క్లాసు పిల్లలకు నేనే చెప్త. నువ్వు నా పక్కకు నిలవడు, సాలు. లే, జడ ఏస్త."