రాన్ అంకుల్ కార్డులూ, నా లామినేషనూ

మనుషులు నానారకాలుగా కొంపలు ముంచుతారు. కొందరు కోపంతో, కొందరు అత్యాశతో, కొందరు మతిమరుపుతో. నేను మాత్రం శుభ్రంగా చేతులు కడుక్కుని, చిన్న ప్రార్థన చేసుకుని, ఎంతో ప్రేమతో ముంచాను. ఒక ప్రపంచయుద్ధాన్ని, ఒక కుక్కను, అరవై ఏళ్ళ ఇంగ్లండు తేమను తట్టుకుని నిలబడ్డ తొమ్మిది అట్టముక్కలు నా చేతిలో పడి ఒక్క పూటలో ఏమైపోయాయో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, మొహమాటపడకండి. నేనూ సగం దాకా నవ్వుతూనే చెప్పగలను.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. మా నాన్న తెనాలిలో బడిపంతులు. ఆయన లెక్కలో కాగితాలు రెండే రకాలు: లామినేషన్ చేయించినవి, ఇంకా చేయించాల్సినవి. నా టెన్త్ మెమో, బాప్తిస్మం పత్రం, రేషన్ కార్డు, ఆఖరికి గ్యాస్ కనెక్షన్ రసీదు కూడా ప్లాస్టిక్ తొడుక్కుని బీరువాలో తళతళలాడుతుండేవి. నా పెళ్ళి శుభలేఖలు ప్రెస్సు నుంచి రాగానే మొదటి కార్డు పాస్టరుగారికి వెళ్ళలేదు, లామినేషన్ షాపుకు వెళ్ళింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల సముద్రాలు దాటి వచ్చినా ఆ బుద్ధి మాత్రం ఎక్కడికి పోతుంది?

ఇది రెండువేల పదిలో, మేం ఇంగ్లండులో ఈ స్విండన్ ఊరికి వచ్చిన కొత్తలో. మా ఆయన సుధాకర్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాకు నర్సింగ్ చదువు ఉన్నా ఇక్కడి రిజిస్ట్రేషన్ ఇంకా రాలేదు, అందుకని వృద్ధులుండే ఒక కేర్ హోమ్‌లో వాళ్ళను చూసుకునే కేరర్‌గా చేరాను. అక్కడ నా డ్యూటీ పట్టికలో ఎప్పుడూ ఉండే మనిషి రాన్. అందరూ రాన్ అనే పిలిచేవారు. ఎనభైకి దగ్గరపడ్డ పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. రాన్ అంకుల్ అన్నాను.

"అంకులా? ఇండియాలో నాకో తోబుట్టువు ఉందని మా అమ్మ చెప్పనే లేదే!" అన్నారాయన.

టీ కప్పు చేతికందిస్తే "థాంక్యూ, మై లవర్" అన్నారు. నా చేతిలో ట్రే జారబోయింది. ఈ వైపు పల్లెల్లో బస్సు డ్రైవరును కూడా అలాగే అంటారని తర్వాత తెలిసింది. ఇంటికొచ్చి సుధాకర్‌కు చెబితే, "పోన్లే, ఒక్కరన్నా అన్నారు" అని లాప్‌టాప్‌లోంచి తల కూడా ఎత్తలేదు.

రాన్ అంకుల్‌కు చూపు దాదాపు పోయింది. వెలుగూ నీడా తేడా తెలిసేది, అంతే. కానీ రోజూ మధ్యాహ్నం బిస్కెట్ డబ్బాలోంచి తొమ్మిది పాత బేస్‌బాల్ కార్డులు తీసి బల్లమీద పరిచేవారు. అంచులు అరిగి, మెత్తబడి, మూలలు ముడుచుకుపోయిన కార్డులు. ఒక్కో దానిమీద ఒక్కో ఆటగాడి రంగుబొమ్మ.

"ఏదో ఒకటి తీసి నా చేతిలో పెట్టు," అనేవారు.

నేను పెట్టేదాన్ని. ఆయన వేళ్ళు దాని అంచుల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవి.

"ఎడమచేతి వాడు. బంతి విసిరేవాడు."

"ఎట్లా తెలిసింది అంకుల్?"

"ఈ మూల చూడు. మా కుక్క కొరికింది. ఇంకోటి ఇవ్వు. ఆ, వీడు వికెట్ల వెనక నిలబడేవాడి లాంటివాడు. వీపుమీద గరుకుగా లేదూ? మా అమ్మ చేసిన జామ్. ఎంత తుడిచినా పోలేదు."

అవి ఇంగ్లండులో ఎవరూ ఆడని అమెరికా ఆటవి. ఆయన చేతికి ఎలా వచ్చాయంటే, యుద్ధం రోజుల్లో వాళ్ళ ఊరి పక్కనే అమెరికా సైనికుల గుడారాలు ఉండేవట. బిల్ అనే కుర్ర సైనికుడు అప్పటికి చిన్నపిల్లాడైన ఈయనకు బంతి విసరడం నేర్పాడు. యుద్ధభూమికి వెళ్ళే ఓడ ఎక్కేముందు ఈ కార్డులు చేతిలో పెట్టి, "దాచి ఉంచు, తిరిగొచ్చి తీసుకుంటా" అన్నాడు. తిరిగి రాలేదు.

"బిల్ ఫోటో లేదు. మొహం కూడా మర్చిపోయాను," అన్నారు ఒకరోజు. "కానీ ఇవి పట్టుకుంటే వాడు నా చేతిలో పెట్టిన క్షణం తెలుస్తుంది. నాకు వాడి తాలూకు మిగిలింది ఇదే."

ఇంత స్పష్టంగా చెప్పారు చూడండి. నేను కళ్ళు తుడుచుకుంటూ విన్నాను కూడా. బుర్రలోకి మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదు.

ఇంతలో ఆయన కూతురు హెలెన్ వచ్చి, పాత కార్డులు కొని అమ్మే ఒకాయన శనివారం వస్తున్నాడని చెప్పింది. వాటిలో ఒకటి చాలా అరుదైనదని ఎవరో అన్నారట. "డాడ్ అమ్మడు, నాకు తెలుసు. అసలేం ఉన్నాయో తెలుసుకుందామని," అంది. సరిగ్గా అదే రోజు రాన్ అంకుల్ మోచేయి తగిలి టీ ఒలికి, కార్డుల పక్కదాకా పాకింది. నేను నాప్‌కిన్ అడ్డం పెట్టి ఆపాను.

ఆ సాయంత్రం వంటింట్లో నా ఆలోచన సుధాకర్ ముందు పెట్టాను.

"అంత పెద్దమనిషి చూట్టానికొస్తంటే ఆ మరకలతో, ఆ ముడతలతో చూపిస్తామా అండీ? పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చెయ్యకుండా కూర్చోబెడతామా? మా కేర్ హోమ్ ఆఫీసులో లామినేషన్ మిషనుంది. 'చేతులు కడుక్కోండి' బోర్డులన్నీ దాంట్లోనే చేస్తారు."

"ఆయన్ని అడిగావా?"

"సర్‌ప్రైజ్ అండీ!"

"కరుణా, ఒకసారి ఆలోచించుకో. మన పెళ్ళిఫోటో లామినేషన్ చేయిస్తే నా బుగ్గ మీద గాలిబుడగొచ్చింది. మా చిన్నమ్మ ఇప్పటికీ ఆ గడ్డ కరిగిందా అని అడుగుతా ఉంటది."

"అది షాపోడి తప్పు. ఇది నేను స్వయంగా చేస్తాను."

శనివారం పొద్దున రాన్ అంకుల్ దగ్గరికి వెళ్ళి, "కార్డులు ఒక్క గంట ఇస్తారా? జాగ్రత్త చేసి తెస్తాను," అన్నాను.

"నీ చేతిలో పెట్టడానికి నాకేం భయం?" అని డబ్బా ఇచ్చేశారు.

ఆఫీసులో తలుపు వేసుకుని మొదలుపెట్టాను. ముందు తడి టిష్యూతో ప్రతి కార్డునూ తుడిచాను. జామ్ మరకను గోటితో గీకాను, పోయింది, పొంగిపోయాను. కుక్క కొరికిన మూలను కత్తెరతో సమానం చేద్దామా అని కూడా చూశాను. దేవుడు దయామయుడు, కత్తెర కనిపించలేదు. తర్వాత ఒక్కొక్కటే మిషన్‌లోకి తోశాను. అవతలి వైపు నుంచి వేడివేడి అప్పడాల్లా వచ్చాయి. ఒక్క బుడగ లేదు. మా నాన్న చూసుంటే నా నుదుటిన ముద్దుపెట్టేవారు.

భోజనాలయ్యాక ఆ కార్డుల ఆయన వచ్చారు. హెలెన్ తండ్రి పక్కన కూర్చుంది. వచ్చినాయన సంచిలోంచి తెల్లని నూలు గ్లవ్స్ తీసి తొడుక్కుంటున్నారు. నేను నాప్‌కిన్ కప్పిన ట్రేతో ప్రవేశించి, నవ్వుతూ అన్నాను: "అవి అక్కర్లేదు సార్. ఇప్పుడు తడిచేత్తో కూడా ముట్టుకోవచ్చు."

నాప్‌కిన్ తీశాను. ఆయన వంగి ఒక కార్డును వేలితో తట్టి చూశారు.

"ఏమిటిది?"

"ప్లాస్టిక్ సార్."

"కనిపిస్తోంది. ఎప్పుడు చేశారు?"

"ఇందాకే! ఇంకా వెచ్చగా ఉంటాయి, చూడండి."

"ఊడి వస్తుందా?"

"అస్సలు రాదు సార్, గ్యారంటీ!"

ఆయన ఒక్కో వేలే లాగి గ్లవ్స్ తీసేసి మళ్ళీ సంచిలో పెట్టుకున్నారు. ఆపరేషన్ థియేటర్‌లోంచి బయటికొచ్చే డాక్టర్లను చూసినదాన్ని, ఆ మొహం నాకు తెలుసు. ఎడమచేతి ఆటగాడి కార్డు చూపించి, "ఇలాంటిది లోకంలో ఇంకొక్కటే ఉందని విన్నాను, చూడలేదు. చూస్తానని చాలా ఆశగా వచ్చాను," అన్నారు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. హెలెన్ కుర్చీ అంచు పట్టుకుని నా వైపే చూస్తోంది.

మీరు నమ్మరుగానీ, అప్పటికీ నేను పూర్తిగా కుంగిపోలేదు. ఎలాగూ అమ్మేవి కావుగా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. అప్పుడు రాన్ అంకుల్ చెయ్యి చాచారు.

"వెళ్ళిపోయాడా? మంచిది. నా కార్డులు ఇటివ్వండి."

ఒకటి చేతిలో పెట్టాను. ఆయన వేళ్ళు అంచుల చుట్టూ తిరిగాయి. మళ్ళీ తిరిగాయి. తిప్పి చూశారు. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి అడిగారు. తర్వాత ఇంకోటి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇవి నావి కావు. ఎక్కడో మారిపోయాయి. మళ్ళీ వెతకండి," అన్నారు.

"నీవే, డాడ్," అంది హెలెన్.

నేను చెప్పాను. అన్నీ చెప్పాను, జామ్ సంగతి కూడా. ఆయన చేతిలోని కార్డును బల్లమీద పెట్టేశారు. తర్వాత నా చేతిని తట్టబోయారు, ఆ చెయ్యి గురితప్పి బల్లను తట్టింది. "మంచికే చేసుంటావులే, మై లవర్," అన్నారు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి ఎక్కెక్కి ఏడ్చాను.

మర్నాడు, ఈసారి బుద్ధిగా అడిగి, ఒక్క కార్డు ఇంటికి తెచ్చుకున్నాను. "ఇంకేం పోతుంది, ప్రయత్నించు," అన్నారాయన. చర్చి నుంచి వచ్చిన బట్టలతోనే సుధాకర్ హెయిర్ డ్రయ్యర్ పట్టుకున్నాడు, నేను బ్లేడు పట్టుకున్నాను. ప్లాస్టిక్ మెల్లగా లేచింది. దానితోపాటే ఎడమచేతి ఆటగాడి టోపీ లేచింది, మొహం లేచింది, ఆ ఎడమచెయ్యీ లేచింది. చివరికి బోసి అట్ట మిగిలింది.

"ఇక ఆపుదాం కరుణా," అన్నాడు సుధాకర్. "మిగతావాళ్ళ మొహాలన్నా ఉండనియ్యి."

సోమవారం ఆ అట్టముక్క రాన్ అంకుల్ చేతిలో పెట్టి తలవంచుకుని నిలబడ్డాను. వేళ్ళు ఒక అంచు దాటి మూల దగ్గర ఆగాయి.

"కుక్క!" అన్నారు. చిన్నపిల్లాడిలా నవ్వారు. "నా ఎడమచేతి వాడు వచ్చేశాడు!"

"మొహం ఊడిపోయిందంకుల్. బొమ్మంతా పోయింది."

"నాకేమన్నా కనబడుతుందా ఏం?" అని దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నారు. మిగతా ఎనిమిదీ డబ్బాలోనే ఉండిపోయాయి. ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ చలికాలంలో రాన్ అంకుల్ పోయారు. కార్డులన్నీ తనతో పంపమని కూతురితో చెప్పారట. హెలెన్ ఎనిమిది కార్డులూ, జేబులోదీ తీసుకుని శవపేటిక దగ్గరికి వెళితే, అంత్యక్రియలు చూసే మనిషి ఎంతో మర్యాదగా ఆపాడు. దహనం కాబట్టి ప్లాస్టిక్ పెట్టకూడదట. అట్టదైతే ఫర్వాలేదన్నాడు. బిల్‌కు అప్పజెప్పడానికి రాన్ అంకుల్ వెంట ఆ మొహంలేని కార్డు ఒక్కటే వెళ్ళింది.

మిగతావి హెలెన్ నా చేతిలోనే పెట్టింది. ఏడుస్తూ, నవ్వుతూ, "ఇక వీటిని పాడుచేయడం ఎవరి తరమూ కాదు, నీ దగ్గరే ఉంచు," అంది. నిజమే. మా పిల్లాడు వాటిమీద జ్యూస్ ఒలకబోశాడు, స్నానాల తొట్టిలో ముంచాడు, పళ్ళతో కొరికాడు. చెక్కుచెదరలేదు. నేను అప్పుడప్పుడూ తీసి కళ్ళు మూసుకుని తడిమి చూస్తుంటాను. ఏది ఎవరో నాకూ తెలియదు.

కావున, తెనాలి వాస్తవ్యులైన విశ్రాంత ఉపాధ్యాయుల వారి ఏకైక పుత్రికనూ, ప్రస్తుతం స్విండన్ నివాసినీ అయిన కరుణ అను నేను ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా: ఇకమీదట ఎవరికి ఏది ప్రాణమైనా సరే, వాళ్ళను అడగకుండా దాన్ని కాపాడను గాక కాపాడను.