బసవమ్మ మార్చిన డీజిల్ పైపు

బసవమ్మ ఇంజను పడవ నడపబట్టి ఆరేళ్ళయింది. అంతకుముందు దాన్ని ఆమె భర్త గాదిలింగప్ప నడిపేవాడు. పక్షవాతంతో అతని కుడిచెయ్యి పడిపోయినప్పుడు, సిరుగుప్ప తాలూకాలోని ఆ తుంగభద్ర రేవులో ఇక పడవ ఎవరు నడుపుతారన్న మాట వచ్చింది. "నేను నడుపుతా" అంది. రేవులో నలుగురూ నవ్వారు. ఆమె ఎమ్మిగనూరు పిల్ల, తండ్రి హరిగోలులో, ఆ గుండ్రటి బుట్ట పడవలో, తెడ్డు వేస్తూ పెరిగింది. నవ్విన నలుగురినీ మొదటిరోజు ఆమే అవతలి గట్టున దింపి వచ్చింది.

పడవ హరిబాబుది. అతని తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద మాగాణి కొన్నారు. ఇప్పుడు ఏటికి రెండు వైపులా పొలాలున్నాయి. నాట్ల కాలంలో హచ్చొళ్ళి వైపు నుంచి ఆటోల్లో వచ్చే కూలి ఆడవాళ్ళను అవతలికి దాటించడం బసవమ్మ పని.

ట్యాంకు నుంచి ఇంజనుకు డీజిల్ తెచ్చే రబ్బరు పైపు ఏళ్ళ తరబడి ఎండకు ఎండి, కట్టెలా బిగుసుకుపోయి, పగుళ్ళు తేలింది. పగిలిన చోటల్లా సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి నెట్టుకొస్తోంది. మార్చమని హరిబాబుకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ "చూద్దాంలే" అన్నాడు.

ఆ సోమవారం నడి ఏట్లో పైపుకు చుట్టిన ముక్క జారి, కాలుతున్న సైలెన్సరు మీద డీజిల్ పడింది. గుప్పున పొగ లేచింది. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు ఒకే పక్కకు జరిగారు, పడవ ఒరిగింది. బసవమ్మ ట్యాంకు కింది డీజిల్ కాక్ తిప్పి కట్టేసి, "కదలాకండి, కూకోండి" అని గట్టిగా గదమాయించి తెడ్డు అందుకుంది. ఏటికి వరద లేదు కాబట్టి సరిపోయింది. ముప్పావుగంట కష్టపడి గట్టుకు చేర్చింది. దిగేటప్పుడు చూస్తే, వినూత అనే కొత్త కోడలి చీర కుచ్చిళ్ళు డీజిల్‌తో తడిసి ఉన్నాయి. ఆ పిల్ల ఏటి అంచున కూర్చుని వాటిని ఉతుక్కుంటోంది. అది చూశాక బసవమ్మకు కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే హరిబాబు రేవుకు వచ్చాడు.

"ఏం బసవమ్మా, ఇంకా బయల్దేరలేదేం? నారు పీకించి పెట్టాను."

"పైపు మార్చినాకే పడవ తీసేదప్పా."

"నాట్లు అయ్యాక మారుద్దాం. ఈ నాలుగు రోజులకి ఇంకో ముక్క చుట్టెయ్."

"చుట్టి చుట్టి పైపు యాడుండాదో తెలీకుండా అయింది. నిన్న నిప్పంటుకునుంటే నువ్వు గట్టు మీద ఉంటివి. మేము ఏట్లో ఉంటిమి."

"నువ్వు కాకపోతే మా ట్రాక్టరు తోలే సిద్దేశ్ నడుపుతాడు" అంటూ అతను ఫోను తీశాడు.

బసవమ్మ పడవలోకి దిగింది. కొడవలితో ఆ పైపును రెండు చోట్ల కోసి, ముక్కలు తెచ్చి అతని ముందు పడేసింది. ఒకదాన్ని వంచి చూపించింది. పుటుక్కున విరిగింది.

"ఇంక సిద్దేశప్పను నడపమను, చూస్తా."

హరిబాబు ముఖం కందిపోయింది. "రేపటి నుంచి నువ్వు రావద్దు."

"రేపటి సంగతి రేపు. ఈపొద్దు పైపు తెస్తాండా" అని, కొలతకు ఒక ముక్క చేతబట్టుకుని సిరుగుప్ప బస్సెక్కింది.

అక్కడ పైపుల అంగడాయన తెల్లటి ప్లాస్టిక్ పైపు కోసి ఇవ్వబోయాడు.

"నీళ్ళ పైపు నాకేంటికప్పా? డీజిల్ తగిలితే మెత్తబడి ఊడొస్తాది. లోపల దారం అల్లిక ఉండేది ఇయ్యి. రెండు క్లిప్పులు కూడా."

"మగోళ్ళను పంపించకపోయినావా అమ్మా?"

"నువ్వేది ఇస్తే అది పట్టుకొనొస్తారనే నేనొచ్చినా."

మధ్యాహ్నానికి ఆమె తిరిగి వచ్చేసరికి సిద్దేశ్ పడవ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏదో పాత పైపు తగిలించబోయాడట. ఆడవాళ్ళు ఎక్కలేదు. "బసవమ్మక్క చూసి సరే అంటేనే ఎక్కుతాం" అని వినూత ముందు అన్నదట, తక్కినవాళ్ళు గట్టు మీదే చతికిలబడ్డారట. హరిబాబు దూరంగా బైకు మీద కూర్చుని ఉన్నాడు.

టీ బంకు నుంచి వేణ్ణీళ్ళు తెచ్చి, పైపు కొసలు ముంచి మెత్తబరిచి, మొదలంటా తోసి, క్లిప్పులు బిగించింది. ఇంజను తిప్పే హ్యాండిల్ సిద్దేశ్ అందుకోబోతే ఆపింది.

"ఉండప్పా. పైపులో చేరిన గాలి తియ్యకుండా తిప్పితే చెయ్యి నొప్పే మిగిలేది."

కాక్ తెరిచి, ఫిల్టరు మీది మర వదులు చేసింది. మొదట నురగ వచ్చింది, తర్వాత బుడగలు, చివరికి సన్నటి ధార. మర బిగించి తనే హ్యాండిల్ తిప్పింది. మూడోసారికి ఇంజను అందుకుంది. కాసేపు నడవనిచ్చి, పాత తుండుగుడ్డతో పైపు పొడుగునా తుడిచి, ఆ గుడ్డను ఆడవాళ్ళకు చూపించింది. పొడిగా ఉంది. వినూత లేచి ముందుగా ఎక్కింది.

రావద్దని హరిబాబు అన్నా, మర్నాడు బసవమ్మ ఎప్పటి వేళకే రేవుకు వచ్చింది. చుక్కాని దగ్గర కూర్చున్న సిద్దేశ్ ఆమెను చూసి లేచి, "ఈ గొడవ నాకొద్దక్కా" అని దిగిపోయాడు.

నాట్లయ్యేదాకా హరిబాబు ఆమెతో మాట్లాడలేదు. అయ్యాక ఒకరోజు పడవ దిగుతూ, ఆమె ముఖం చూడకుండా అడిగాడు: "మళ్ళీ ఎప్పుడు మార్చాలి దాన్ని?"

"నేను చెప్పిన పొద్దు" అంది బసవమ్మ.