కడిగి తెచ్చిన కారవాన్

1990వ సంవత్సరం. సిడ్నీకి పడమటి వైపు సెవెన్ హిల్స్‌లో ఒక రేకుల షెడ్డు, దాని ముందు వరసగా నిలబెట్టిన కారవాన్లు. నేను పనిచేసిన చోటు అది. కారవాన్ అంటే చక్రాల మీద గది. మంచం, పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్ అన్నీ అందులోనే ఉంటాయి. ఇంజన్ మాత్రం ఉండదు, కారు వెనక తగిలించుకుని లాక్కుపోవాలి. సెలవులకి వారం పది రోజులు దాంట్లో తిరిగొచ్చేవాళ్ళు చాలామంది. ఉన్న ఇల్లు అమ్మేసి, ఇక బతుకంతా దాంట్లోనే అని బయల్దేరేవాళ్ళు ఎవరో కొందరు. అలాంటివాళ్ళ బండి వస్తే మా ఓనరు డగ్ స్వయంగా వచ్చి చూసేవాడు. "వాళ్ళకిది హాలిడే కాదు మేట్, హోమ్" అనేవాడు.

నేను గుంటూరులో మెకానికల్ డిప్లొమా చేసి వచ్చినవాణ్ణి. ఆ షెడ్డులో చేరాక ఒక్క తెలుగువాడి బండి కూడా నా చేతికి రాలేదు. రాదు కూడా. మనవాళ్ళు ఇల్లు కొంటారు, కుదిరితే ఇంకో ఇల్లు కొంటారు, అంతేగానీ ఉన్నది అమ్ముకుని చక్రాల మీద ఎక్కడం ఏమిటి? అందుకే శేషగిరిరావు అంకుల్, రాజ్యలక్ష్మి ఆంటీ టూంగాబీలో ఇంటిముందు అమ్మకం బోర్డు పెట్టారని తెలిసినప్పుడు మా చర్చిలో వాళ్ళ దగ్గర్నుంచి గుడికెళ్ళే వాళ్ళ దాకా అందరూ ఒకే మాట అన్నారు, పాపం ఏ అప్పుల్లో పడ్డారో అని.

అప్పులేమీ లేవు. అంకుల్ ఒక ప్రభుత్వ ఆఫీసులో లెక్కలు చూసి రిటైరయ్యారు. ఆంటీ ఆస్పత్రిలో నర్సుగా చేసి అదే ఏడాది మానేశారు. కారవాన్ కోరిక ఆంటీదే.

"ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయింది నాయనా. నేను చూసిన ఆస్ట్రేలియా అంతా టూంగాబీ స్టేషన్ నుంచి ఆస్పత్రి దాకా. నైట్ డ్యూటీ పడితే అదీ చీకట్లోనే. పేషెంట్లు చెప్పేవాళ్ళు, బ్రూమ్ సముద్రం అని, కూబర్ పీడీ ఎడారి అని. మంచం పక్కన నిలబడి వాళ్ళ బీపీ చూస్తూ వినేదాన్ని. ఇప్పుడు నేను చూడాలి."

ఈ మాటలు ఆమె నాతో అన్నది షెడ్డు ముందే, ఒక సోమవారం పొద్దున. పక్కన అంకుల్ నేల చూపులు చూస్తున్నారు. వాళ్ళ కారవాన్‌ని ఒక టో ట్రక్కు లాక్కొచ్చింది. కారు ఉండగా ట్రక్కు ఎందుకని అడిగాను.

"నేనిక దాన్ని లాగను బాబూ" అన్నారు అంకుల్. "శనివారం కటూంబా తీసుకెళ్ళాం, ట్రయల్‌కి. కొండ ఎక్కేటప్పుడు బానే ఉంది. తిరిగొస్తూ పెన్రిత్ వైపు దిగుతున్నామా, తోక ఊపడం మొదలెట్టింది. మిర్రర్‌లో ఒకసారి దాని ఎడమ గోడ కనిపిస్తుంది, ఒకసారి కుడి గోడ. పక్కనే లారీ. నేను స్టీరింగ్ ఇటు తిప్పితే అది అటు. ఎట్లా ఆగామో దేవుడికే తెలియాలి."

"ఆ రోజు నుంచి ఆయన కారే ముట్టుకోలేదు" అన్నారు ఆంటీ. "పాలకి కూడా నేనే పోతున్నా."

ఆ ఊగడాన్ని మేము స్వే అంటాం. కారవాన్ తోక అటూ ఇటూ కొట్టడం మొదలైతే ముందున్న కారుని కూడా తనతో తిప్పేస్తుంది. బండ్లు పల్టీ కొట్టడం నేను చూశాను. బతికొచ్చినందుకు మనసులోనే ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాను.

అసలు తొందర వేరే ఉంది. ఆ శుక్రవారం ఎక్స్ఛేంజ్. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ సంతకాలు పెట్టిన కాంట్రాక్టులు మార్చుకోవడాన్ని ఇక్కడ అలా అంటారు. అది జరిగేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు, జరిగాక ఇల్లు పరాయిదైనట్టే. ఆ రోజుల్లో బ్యాంకు వడ్డీలు ఆకాశంలో ఉండేవి, ఇల్లు కొనేవాడు దొరకడమే గగనం. నెలల తరబడి ఎదురుచూస్తే దొరికిన మనిషిని వదులుకుంటే మళ్ళీ ఎవరొస్తారు? అలాగని ఆ బండిని నమ్ముకుని ఇల్లు వదులుకోవడం ఎలా?

"గురువారం లోపల దీని రోగమేమిటో చెప్పు బాబూ" అన్నారు అంకుల్. "చెప్పలేకపోతే ఏజెంటుకి ఫోన్ చేసి ఇల్లు అమ్మడం లేదని చెప్పేస్తా. ఇది ఎవరికైనా ఇచ్చేస్తా."

ఆంటీ హ్యాండ్‌బ్యాగు జిప్పు తీస్తున్నారు, వేస్తున్నారు.

తలుపు తీసి లోపలికెళితే ఫినాయిల్ వాసన, దాని వెనక సన్నగా అగరొత్తుల వాసన. నేల అద్దంలా ఉంది. అల్మరాల్లో చిన్న చెంచా కూడా లేదు. మా షెడ్డుకి వచ్చే బండ్లలో బీరు సీసాలు, ఇసుక, తడి తువ్వాళ్ళు కనిపించేవి, ఒకసారైతే పడుకున్న కుక్క కూడా. ఇంత శుభ్రమైన కారవాన్ నేను ఎన్నడూ చూడలేదు. మనవాళ్ళు మనవాళ్ళే అని గర్వపడ్డాను కూడా.

జాకీ ఎత్తి పని మొదలెట్టాను. వీల్ బేరింగులు విప్పి చూశాను. స్ప్రింగులు చూశాను. ఇరుసు వంకరపోయిందేమోనని ముందు కొక్కెం నుంచి రెండు చక్రాలకీ తాడు పట్టి కొలిచాను, రెండు వైపులా సమానం. టైర్లు బాగున్నాయి. ఛాసిస్‌లో పగుళ్ళు లేవు. చివరికి బాల్ వెయిట్ చూశాను. కారవాన్ ముక్కు కారు వెనకున్న ఇనుప గుండు మీద కూర్చుంటుంది, ఆ ముక్కు ఎంత బరువుగా కూర్చుంటే అది బాల్ వెయిట్. బండి మొత్తం బరువులో పదో వంతు ఉంటే మంచిదని మా లెక్క. దానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు, ఇంట్లో బరువు చూసుకునే స్కేలు పెట్టి, దాని మీద చెక్క దిమ్మ పెట్టి, ముక్కు దించితే చాలు. ఉండాల్సినంత ఉంది.

మంగళవారం మా వ్యాన్‌కి తగిలించి మోటర్‌వే మీదికి తీసుకెళ్ళాను. వేగం పెంచాను. కావాలని స్టీరింగ్ కొద్దిగా కదిపి చూశాను. పెళ్ళికూతురిలా తలొంచుకుని వెనకే వచ్చింది.

డగ్ కూడా ఒకసారి కింద దూరి చూసి లేచాడు. "నథింగ్ రాంగ్ విత్ హర్, మేట్."

మా పనిలో అన్నిటికంటే పాడు మాట అదే. విరిగిందంటే అతకొచ్చు, అరిగిందంటే మార్చొచ్చు. ఏమీ లేదంటే ఏం చెయ్యాలి? ఫోన్ చేసి అంకుల్‌కి అదే చెప్పాను. "అయితే నాకే నడపడం రాదన్నమాట" అన్నారాయన. కాదండీ అని ఎంత చెప్పినా ఆయన వినలేదు. రేపు పొద్దున ఏజెంటుకి చెప్పేస్తానని పెట్టేశారు.

బుధవారం మధ్యాహ్నం నేనే బండిని టూంగాబీలో వాళ్ళింటికి చేర్చాను. అప్పగించి వచ్చేద్దామంటే ఆంటీ ఒప్పుకోలేదు.

"మూడు రోజులు కష్టపడ్డావు. అన్నం తినకుండా పోతావా?"

ఇంట్లో గోడలు బోసిగా ఉన్నాయి, సగం సామాను అప్పటికే ఎవరెవరికో ఇచ్చేశారు. అంకుల్ ఫోన్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఏజెంటు పొద్దుటినుంచీ దొరకలేదట. దొరకనందుకు నాకు సంతోషంగా ఉంది, పైకి అనలేదు. ఆంటీ ముద్దపప్పు వడ్డించి, నెయ్యి వేసి, ఒక్కసారి నాలిక్కరుచుకున్నారు.

"ఆవకాయ గరాజ్‌లో ఉండిపోయింది. కాస్త జాడీ తెచ్చిపెడతావా నాయనా? ఆగాగు, చెయ్యి తుడుచుకో! తడి చేత్తో ముట్టుకున్నావంటే మొత్తం బూజు పడుతుంది."

చెయ్యి శుభ్రంగా తుడుచుకుని గరాజ్‌లోకి వెళ్ళాను. గోడవారగా జాడీలు వరసగా ఉన్నాయి. వాటికి అడ్డంగా ఒక వెట్ గ్రైండర్, ఇండియా నుంచి తెచ్చుకున్న రాతి గ్రైండర్. పక్కకి జరుపుదామని పట్టుకుని లేపాను. నడుము కలుక్కుమంది. అమ్మో, ఇదేం బరువు అనుకుని దాన్ని అక్కడే వదిలి నిలబడ్డాను. అప్పుడు మిగతావి చూశాను. రెండు బియ్యం బస్తాలు. పప్పుల డబ్బాలు. ఇనప మూకుడు. అంకుల్ బైండు చేయించుకున్న పాత వారపత్రికల కట్టలు. అన్నీ ఒకే చోట, మొన్నే దింపినట్టు కుప్పగా ఉన్నాయి.

జాడీ లేకుండానే లోపలికి పరుగెత్తాను.

"ఆంటీ, కటూంబా వెళ్ళినప్పుడు ఆ గ్రైండర్ ఎక్కడుంది?"

"బండిలోనే. ఇడ్లీ పిండి లేకపోతే మీ అంకుల్‌కి రోజు గడవదుగా."

"బండిలో ఎక్కడ?"

"వెనక మంచం కింద. అన్నీ అక్కడే సర్దా. సింకు ముందుంది కదా, నీళ్ళు చిందుతాయి. ఆవకాయకి తడి తగలకూడదని జాడీలు చిట్టచివర పెట్టా. బియ్యానికి కూడా తడి పనికిరాదు."

"నా పుస్తకాలు కూడా ఆవిడే అక్కడ కుక్కింది" అన్నారు అంకుల్ కుర్చీలోంచి.

"మీరేగా పట్టుబట్టి ఎక్కించారు!"

"మరి నా దగ్గరికి ఖాళీ బండి ఎందుకు పంపారు ఆంటీ?"

ఆవిడ నన్ను విచిత్రంగా చూశారు. "బాగుచేసే మనిషికి సామానంతా నింపి ఇస్తామా నాయనా? ఎంత అసహ్యం! ఆదివారమంతా దింపి, ఊడ్చి, ఫినాయిల్ పెట్టి తుడిచి పంపా."

నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. జబ్బుని ఇంట్లో దాచిపెట్టి మనిషిని మాత్రం ఆస్పత్రికి పంపినట్టయింది. మూడు రోజులు నేను వెతికిన రోగం ఈ గరాజ్‌లో బట్ట కప్పుకుని కూర్చుంది.

నేను వివరించడం మొదలుపెట్టేలోపే అంకుల్ లేచి నిలబడ్డారు. ఆయన రేపల్లె దగ్గర రైతు బిడ్డ.

"ఆగు బాబూ. ఎడ్లబండిలో వెనక్కి బస్తాలు ఎక్కువేస్తే కాడి పైకి లేస్తుంది. ఎద్దుల మెడ మీద బరువుండదు. బండి వాటి మాట వినదు. మా నాన్న ఎన్నిసార్లు తిట్టాడో, బరువు ఇరుసు మీద వెయ్యరా వెధవా అని. అదేనా?"

"అదే అంకుల్. అచ్చంగా అదే."

భోజనం చల్లారిపోయింది. ముగ్గురం కలిసి సామానంతా మళ్ళీ వెనక మంచం కిందే, ముందున్నట్టే సర్దాం. మా వ్యాన్ నుంచి ముక్కు విప్పి ఆంటీ స్నానాలగదిలో స్కేలు తెచ్చి కింద పెట్టాం. ముల్లు కాస్త వణికి సున్నా పక్కనే ఆగిపోయింది. అంకుల్ వంగి దాన్ని చూశారు. "నాకు నడపడం వచ్చు" అన్నారు మెల్లగా, ఎవరితోనో కాదు, తనతోనే.

గురువారం పొద్దున డగ్ దగ్గర సెలవు పెట్టి ప్లైవుడ్ తీసుకెళ్ళాను. బండి మధ్యలో, సరిగ్గా ఇరుసు మీద, భోజనాల బల్ల పక్కనున్న సీటు కింద పెట్టె కట్టాను. గ్రైండర్, బియ్యం అందులోకి వెళ్ళాయి. దానికి కాస్త ముందుగా జాడీలకి వేరే అర. సింకు తడి అటు పోకుండా అడ్డ చెక్క కొట్టేదాకా ఆంటీ నన్ను కదలనివ్వలేదు. వారపత్రికల్లో సగం అంకుల్ తనంతట తానే వదులుకున్నారు. ఈసారి స్కేలు మీద ముల్లు ఉండాల్సిన చోట నిలబడింది.

తరవాత కటూంబా దారి పట్టాం. ఆంటీ నడిపారు, పక్కన నేను, వెనక అంకుల్. కొండెక్కి ఒక చోట ఆపి ఆంటీ దిగారు, తాళాలు ఆయన చేతిలో పెట్టారు.

"దిగడం మీ వంతు."

ఆయన వద్దనలేదు. సీటు సర్దుకున్నారు, అద్దాలు సర్దుకున్నారు. పెన్రిత్ వైపు అదే ఏటవాలు వచ్చింది. కాసేపటికి వెనక నుంచి లారీ హారన్ వినిపించింది, పెద్ద లారీ, గాలి కొడుతూ మమ్మల్ని దాటుతోంది. నేను తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాను. ఆంటీ వెనక సీట్లో కళ్ళు మూసుకున్నారు. అంకుల్ మాత్రం అద్దంలో చూస్తున్నారు. గాలికి కారవాన్ ఒక్కసారి భుజం కదిపినట్టు కదిలి, మళ్ళీ తిన్నగా అయిపోయింది. లారీ వెళ్ళిపోయింది.

కింద చదును నేల రాగానే ఆయన పక్కకి తీసి ఆపారు. స్టీరింగ్ మీద తల ఆనించారు. నాకు గుండెల మీంచి బస్తా దించినట్టయింది. ఆంటీ ముందుకి వంగి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"రాజ్యం" అన్నారాయన తల ఎత్తకుండానే, "ఆ అరలో ఇంకో జాడీ పడుతుందేమో చూడు. గోంగూర మర్చిపోయాం."

శుక్రవారం ఎక్స్ఛేంజ్ జరిగిపోయింది. కొన్ని వారాలకి ఇంటి తాళాలు ఇచ్చేసి వాళ్ళు బయల్దేరారు. నాకు బ్రూమ్ నుంచి కార్డు వచ్చింది, సముద్రం రంగు గురించి ఆంటీ ఇటు పక్కంతా రాస్తే, మిగిలిన మూలలో అంకుల్ "ముల్లు సరిగ్గానే ఉంది" అని రాశారు.

ఆ తరవాత నేను నా పనితీరు మార్చుకున్నాను. ఎవరు ఫోన్ చేసినా ముందు చెప్పేవాణ్ణి, బండి కడక్కండి, ఖాళీ చెయ్యకండి, దాంట్లో ఎలా బతుకుతున్నారో అలాగే తీసుకురండి అని. యంత్రం ఒక్కటే వస్తే దాని కథలో సగమే తెలుస్తుంది, మిగతా సగం మనుషులు సిగ్గుపడి ఇంట్లో దింపి వస్తారు. డగ్ మొదట్లో నవ్వాడు. తరవాత తనే అట్టముక్క మీద "బ్రింగ్ ఇట్ డర్టీ" అని పెద్దక్షరాలతో రాసి షెడ్డు తలుపుకి కొట్టాడు.

మరుసటి ఏడాది బేరింగుల సర్వీసుకి వాళ్ళే వచ్చారు. అంకుల్ రివర్సులో ఒక్క దెబ్బకి తెచ్చి షెడ్డులో నిలబెట్టారు, ఎండకి నల్లబడ్డ మొహంతో నవ్వుతూ. ఆంటీ తలుపు తీశారు. లోపల తాడు మీద తడి తువ్వాళ్ళు, సింకులో గిన్నెలు, నేలంతా ఎర్ర మట్టి, పొయ్యి మీద మూత పెట్టిన ఉప్మా ఇంకా ఆవిరి కక్కుతోంది.

"నువ్వు చెప్పినట్టే నాయనా, ఏదీ తియ్యలేదు" అన్నారు. "చెయ్యి తుడుచుకుని రా."

ముందు ఉప్మా, ఆవకాయ తిన్నాను. జాకీ ఆ తరవాతే ఎత్తాను.