పార్కులో పర్మనెంట్ అయిన సత్తయ్య

పటాన్‌చెరులో ఆ పైపుల ఫ్యాక్టరీ కాలనీ పార్కుకు ఎండాకాలం సాయంత్రాలు రెండు రకాల గాలి వచ్చేది. చెరువు వైపు నుంచి వస్తే జనం నాటకం చూసేవాళ్లు. మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి వస్తే ముక్కు మూసుకుని నాటకం చూసేవాళ్లు. లేచిపోయేవాళ్లు మాత్రం లేరు. మే నెలలో ఊరికే దొరికే వినోదం అదొక్కటే. పైగా రేకుల కింద ఉడకడం కన్నా, అప్పుడే నీళ్లు కొట్టిన గడ్డి మీద పల్లీలు ఒలుచుకుంటూ కూర్చుంటే ఒళ్లు చల్లబడేది.

ముందు గెస్ట్‌హౌస్ నుంచి మోసుకొచ్చిన సోఫా, అందులో బొంబాయి నుంచి దిగిన పెద్దసాబు. ఆయన వెనక ఆఫీసర్ల కుర్చీలు. ఆ వెనక గడ్డి. గడ్డి మీద అందరికన్నా ముందు కూర్చునేవాడు సత్తయ్య. గుమ్మడిదల మనిషి, బాయిలర్‌కు బొగ్గెత్తే పని. చేరి పదేళ్లు దాటినా టెంపరరీయే. పర్మనెంట్ కార్డున్నవాడికి క్యాంటీన్‌లో భోజనం, పెళ్లాం పిల్లలకు ఆస్పత్రి. టెంపరరీ వాడికి మాత్రం రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి, ఇవాళ లోపలికి రానిస్తారా లేదా అని ఎదురుచూడటం. సత్తయ్య బతుక్కి కావాల్సిందల్లా ఆ కార్డు.

కార్డిచ్చే చెయ్యి పర్సనెల్ మేనేజర్ చలపతిరావుది. పార్కులో నాటకాలు రాసేదీ, ఆడించేదీ, ముఖ్యవేషం కట్టేదీ ఆయనే. కాబట్టి సత్తయ్య నవ్వాల్సిన చోట నవ్వేవాడు, ఏడవాల్సిన చోట తువ్వాలు తీసేవాడు. అంతా నౌకరీ కోసమే అనుకుంటే పొరపాటు. అతనికి నాటకమంటే నిజంగానే పిచ్చి. చలపతిరావు నటన భరించాలంటే ఆ మాత్రం పిచ్చి ఉండాలి మరి.

తొంభై రెండు వేసవిలో చలపతిరావు కొత్త నాటకం రాశాడు. ఒక దయగల యజమాని, రంగయ్య అనే పేద కార్మికుడు. చివర్లో రంగయ్య కాళ్ల మీద పడితే యజమాని లేవనెత్తి, "లే రంగయ్యా, ఈ రోజు నుంచి నువ్వు పర్మనెంటు" అంటాడు. తెర పడుతుంది. యజమాని వేషం ఎవరిదో చెప్పక్కర్లేదు. రంగయ్య వేషానికి అకౌంట్స్ సూర్యారావును అడిగితే, సాటి ఆఫీసరు కాళ్లు పట్టుకోవడం తన వల్ల కాదన్నాడు. అప్పుడు చలపతిరావుకు గడ్డి మీది తువ్వాలు గుర్తొచ్చింది.

"ఏవయ్యా సత్తయ్యా, కాళ్ల మీద పడటం వచ్చా?"

"గదేం పెద్ద పని సార్. పదేండ్ల సంది పడుతనే ఉన్న."

చలపతిరావు దీన్ని వినయం అనుకున్నాడు.

గుమ్మడిదల వైపు పద్యనాటకాల్లో ఒక పద్ధతుంది. పద్యం నచ్చితే జనం 'వన్స్ మోర్' అంటారు. అన్నారంటే మళ్లీ పాడాల్సిందే. యుద్ధంలో చచ్చి పడున్న వీరుడైనా సరే, లేచి దుమ్ము దులుపుకుని, పద్యం పాడి మళ్లీ చస్తాడు. పాడకపోతే జనాన్ని అవమానించినట్టు. ఆఫీసర్ల నాటకాల్లో పద్యాలుండవు కాబట్టి పార్కులో ఆ మాట ఎప్పుడూ వినబడలేదు. చలపతిరావుకు లోలోపల అదొక వెలితి.

ఆ సాయంత్రం "నువ్వు పర్మనెంటు" అన్న మాట పడీపడకముందే గడ్డి మీద పెద్దరాములు లేచాడు. సత్తయ్య ఊరివాడే, బొగ్గు దగ్గర జోడీ, వాడూ టెంపరరీయే.

"వన్స్ మోర్."

టెంపరరీలంతా అందుకున్నారు. దిగుతున్న తెర ఆగింది. చలపతిరావు ముఖం పెళ్లికొడుకు ముఖమైంది. సత్తయ్య మళ్లీ పడ్డాడు, మళ్లీ పర్మనెంట్ అయ్యాడు. ఇంకోసారి అడిగేసరికి చలపతిరావుకు ఒళ్లు తెలియలేదు.

"జెర పేరు వెట్టి చెప్పుండ్రి సార్" అన్నాడు పెద్దరాములు.

"లే సత్తయ్యా, ఈ రోజు నుంచి నువ్వు పర్మనెంటు" అన్నాడు చలపతిరావు, రంగయ్య సంగతే మరచిపోయి.

పెద్దసాబుకు తెలుగు రాదు గానీ ఆ ఒక్క మాట తెలుసు. సూర్యారావు వైపు వంగి, ఎంతమందిని పర్మనెంట్ చేస్తున్నారని అడిగాడు.

తెల్లారేసరికి సత్తయ్య భార్య పుష్పమ్మ బస్తీలో చక్కెర పంచుతోంది.

"గది నాటకమే పిచ్చిదానా" అన్నాడు సత్తయ్య.

"నాటకమైతే ఏంది? నల్గుట్ల మూడుసార్లన్నడు. మా నాయిన ఒక్కసారన్న మాటకే పొలం ఇడిసిండు. పోయి అడుగు."

నాటకాలెరిగినవాడు కాబట్టి సత్తయ్య నవ్వుకున్నాడు. నవ్వుకుంటూనే వెళ్లి అడిగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ యాకూబ్ సెల్యూట్ కొట్టి, "ఆయియే పర్మనెంట్ సాబ్, ఆజ్ దర్వాజా పూరా తెరుస్త" అన్నాడు.

"అది నాటకమయ్యా" అన్నాడు చలపతిరావు.

"నాటకంల ఉన్నది రంగయ్య సార్. మీరు సత్తయ్య అన్నరు."

చలపతిరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నిజం చెప్తున్నా విను. ఈసారి నీ పేరే అనుకున్నాను. ఇప్పుడిస్తే వేషం కట్టినందుకు ఉద్యోగమిచ్చానంటారు. రేపు ఫ్యాక్టరీ మొత్తం వచ్చి నా కాళ్ల మీద పడుతుంది. నువ్వే ఆలోచించు."

సత్తయ్య బొగ్గెత్తుతూ ఆలోచించాడు. నిన్నటిదాకా పెద్దసాబు కంట పడలేదని ఇవ్వలేదు. ఇప్పుడు కంట పడ్డాడని ఇవ్వరు.

"నీ వన్స్ మోర్ పాడుగాను, నా నౌకరి పాయె" అన్నాడు పెద్దరాములుతో.

"ఉంటె కద అన్నా పోనీకి."

మరుసటి మే నెలలో కాలనీ అంతా మళ్లీ అదే నాటకం అడిగింది. చలపతిరావుకు ఆ వన్స్ మోర్ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. కానీ జాగ్రత్తపరుడు, చివరి మాట మార్చాడు: "లే రంగయ్యా, ఈ రోజుతో నీ కష్టాలు తీరాయి." సత్తయ్య వేషం వేయనంటాడేమోనని భయపడ్డాడు గానీ, అతను ఒక్కమాటకే ఒప్పుకున్నాడు. భయపడాల్సింది అప్పుడే.

గడ్డి మీద చోటు లేక జనం పార్కు గోడ ఎక్కారు. చివరి రంగంలో సత్తయ్య కాళ్ల మీద పడ్డాడు. చలపతిరావు కష్టాలు తీర్చి, భుజాలు పట్టి లేపాడు. లేవలేదు. బొగ్గెత్తిన చేతులు రెండూ కాళ్లను చుట్టేశాయి.

"లేవయ్యా" గొణిగాడు చలపతిరావు.

"పోయినేటి మాట అనుండ్రి సార్. లేస్త."

"పెద్దాయన చూస్తున్నారయ్యా."

"సూడనియ్యుండ్రి. ఇంకెవల కోసం ఈ నాటకం?"

చలపతిరావు తెర దించమని సైగ చేశాడు. ఆ రోజు తెరతాడు యాకూబ్ చేతిలో ఉంది. తాడు చిక్కుపడిందన్నట్టు అతను దీనంగా తల ఊపాడు.

"వన్స్ మోర్" అంది గడ్డి. గోడ అంది. ఆఫీసర్ల పిల్లలు కూడా అన్నారు. అదే సమయానికి గాలి మందుల వైపు తిరిగింది. పెద్దసాబు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నాటకం అయితే గాని లేవకూడదు, నాటకం అవడం లేదు.

చలపతిరావు ఆ మాట గొంతులోనే అన్నాడు.

"ఇనవడలే" అన్నాడు పెద్దరాములు.

పేరు పెట్టి, గట్టిగా అన్నాడు. సత్తయ్య లేచాడు, మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు, సోఫా వైపు తిరిగి దండం పెట్టాడు.

ఏటేటా ఈ గోల పడేకంటే ఒక కార్డు పారేయడమే నయమని పెద్దసాబు అన్నాడట. వానలు పడేనాటికి సత్తయ్య చేతికి కార్డొచ్చింది. అదే వారం నోటీసు బోర్డు మీద ఇంకో సంగతి వచ్చింది. గడ్డి పాడవుతున్నందున ఇకపై పార్కులో నాటకాలు ఉండవు.

ఆ మరుసటి మే నెలలో సత్తయ్య డ్యూటీ దిగి, పుష్పమ్మతో పార్కుకు వచ్చి పాత చోటే కూర్చున్నాడు. గడ్డి బ్రహ్మాండంగా పెరిగింది. ఎదురుగా, ఒకప్పుడు నాటకాలాడిన సిమెంటు గద్దె మీద ఎవరో మిరపకాయలు ఆరబోసి ఉంచారు.

"నీ ఒక్కని నౌకరికి బస్తి మొత్తానికి నాటకాలు పాయె" అంది పుష్పమ్మ.

"పోయి అడుగుమన్నది నువ్వే కదనే."

"అడుగుమన్న. కాళ్ల మీద పండుమన్ననా?"

పెద్దరాములు వచ్చి పక్కన కూలబడ్డాడు. వాడింకా టెంపరరీయే.

"నీది అయిపాయె సత్తన్నా. ఇగ నేనేడ పడాలె జెప్పు."

సత్తయ్య పల్లీల పొట్లం వాడి వైపు జరిపాడు. గాలి మందుల వైపు తిరిగింది. ముగ్గురూ ముక్కు మూసుకున్నారు, మిరపకాయల వైపు చూస్తూ కూర్చున్నారు.