మా ఈత సంఘం నీలం రంగు

ఛాయ్ ఇటియ్యుండ్రి. నా చేతులు చూసి నవ్వకుండ్రి, ముందుగాల ముచ్చట ఇనుండ్రి. పోయిన ఐతారం జగిత్యాలల నా ఇజ్జత్ నీళ్లల్ల కలిసింది. ఉత్తగంటలేను, నిజంగనే నీళ్లల్ల!

మాది సిరిసిల్ల ఈత సంఘం. మా నాయిన, ఇంకో నలుగురు నేతగాళ్లు కలిసి పెట్టిండ్రు. మగ్గాలు బందున్న రోజు మానేరుల ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పందెం. ఏరు ఎండిన యేడు పొలాల కాడి బావులల్ల. గప్పటి సంది ఒక్కటే రివాజు: ఈతగాళ్లు ఏసుకునే బనీన్లు, చెడ్డీలు సంఘపోళ్లే నీలం అద్దాలె. మా నాయిన అద్దిండంటే రంగుల ఉడకబెట్టి, ఆరబెట్టి, తెల్లనీళ్లు అచ్చేదాక ఏట్ల జాడిచ్చేటోడు.

ఈసారి జగిత్యాల స్విమ్మింగ్ పూల్ల కోరుట్ల క్లబ్బోళ్లతోని పోటీ. షీల్డు ఎన్నో ఏండ్ల సంది ఆళ్ల అల్మారల్నే ఉన్నది. మాకున్న ఆశంత నా బిడ్డ శ్రావణి మీదనే. నేనేమో సంఘం చరిత్ర పుస్తకం రాస్తున్న. ఆఖరి పేజీల షీల్డు పట్టుకున్న ఫోటో పడాలె, అండ్ల మా నీలం ధగధగ మెరవాలె! గందుకే ఈసారి నేనే అద్దిన గానీ బట్టలు జాడియ్యలే. జాడిస్తే మెరుపు పోతది గదా, గదీ నా తెలివి.

"ఒక్కసారన్న నీళ్లల్ల ముంచయ్యా" అన్నది మా ఇంటామె.

"పూల్ల ఎట్లన్న మునుగుతయి తియ్" అన్న.

మునిగినయి. శ్రావణి దుంకింది. సగం దూరం పోయేసరికి కోరుట్ల పిల్లకంటె రెండు బారలు ముందలున్నది! నేను గట్టు మీద ఎగురుడే ఎగురుడు. గంతల బిడ్డ ఎనుక నీలంగ ఒక చార కనవడ్డది. ఆమె మర్లి అచ్చేటాలకు పూలంత నీలమే. కోరుట్ల పిల్ల నడుమల ఆగి, చేతులు చూసుకొని కెవ్వుమన్నది. రిఫరీ విజిలేసిండు.

"అడుగు కనవడ్తలేదు! రేస్ క్యాన్సిల్!"

గెలుస్తున్న పిల్ల ఆగిపోయింది. నా దిక్కు ఒక చూపు చూసింది సూడుండ్రి... అబ్బా, పానం చివుక్కుమన్నది.

కోరుట్ల కోచ్ నా దగ్గరికచ్చిండు. "అన్నా, ఈతకచ్చిండ్రా, అద్దకానికచ్చిండ్రా?" అందరు పొట్ట పట్టుకొని నవ్వుడే!

గానీ మనిషి మంచోడు. "పక్కన చిన్న పూలున్నది, అండ్ల మల్ల పెడ్దాం. మీ బట్టలు మాత్రం వద్దన్నా" అని మా పిల్లలందరికి ఆళ్ల పసుపు డ్రెస్సులే ఇచ్చిండు. నాకేమో పూల్ మేనేజర్ బ్రష్షిచ్చిండు. పెద్ద పూల్ల నీళ్లు బయటికిడుస్తాంటే నేను వంగి టైల్సు రుద్దుతున్న, అటుకెల్లి చప్పట్లు ఇనవడ్డయి. బిడ్డ గెలిచింది! నేను చూడనే లేదు.

ఇగ ఫోటో అచ్చింది. షీల్డు సిరిసిల్లకే, గానీ మా పిల్లలందరి ఛాతీల మీద "కోరుట్ల" అని రాసున్నది. ఎనుక మూలకు టైల్సు రుద్దుతున్న వీపొకటి కనవడ్తది. గది నాదే.

"నాయినా, చరిత్ర ఆఖరి పేజీ నేనే రాస్త" అన్నది శ్రావణి. "నువ్వు పుస్తకం ముట్టకు. ముందుగాల చేతులు కడుక్కో."

ఆరు రోజులైంది, ఇంక కడుగుతనే ఉన్న. బట్టకు పట్టని రంగు నాకు మాత్రం పక్కా పట్టింది!